మినీ డీవీ క్యాసెట్ల నుంచి మ్యాక్ టైమ్‌లైన్ దాకా: ప్రాజెక్టు డైరీ

ఆదివారం

సామర్లకోటలో బాబాయి వీడియో స్టూడియో మూతపడి చాలా కాలమైంది. ఆ గది అద్దెకిచ్చేద్దామని ఇప్పుడు ఖాళీ చేస్తుంటే అటక మీద నుంచి రెండు అట్టపెట్టెల నిండా మినీ డీవీ క్యాసెట్లు, ఓ పాత సీపీయూ దిగాయి. క్యాసెట్లలో ముప్పావు వంతు పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలే. నాకు కావలసింది మిగతా పావు వంతు. పక్కనే ఉన్న మాధవపట్నం తోలుబొమ్మలాట కళాకారుల ప్రదర్శనలు అందులో ఉన్నాయి. మూఢాల్లో పెళ్లిళ్లు ఉండవు కదా, కెమెరా ఊరికే పడుంటుందని 2004, 2007 మధ్య బాబాయి సరదాగా వెళ్లి తీసినవి. తెర వెనక దీపం, మేక తోలు మీద ఎరుపూ ఆకుపచ్చా రంగులు, మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడి హాస్యం. ఒకటి రెండు క్యాసెట్లలో బొమ్మలు చెక్కడం కూడా ఉందట.

హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండ్ వీటితో ఇరవై నిమిషాల ఫిల్మ్ చేస్తానంటున్నాడు. వాడు ఎడిట్ చేసేది మ్యాక్ మీద. నా ఇంట్లో ఉన్నది లినక్స్ డెస్క్‌టాప్. బాబాయి సీపీయూలో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. అంటే క్యాసెట్‌లోని బొమ్మ వాడి టైమ్‌లైన్ మీదికి చేరాలంటే మూడు రకాల సిస్టమ్‌లు దాటాలి. ఈ ప్రయాణంలో ఎక్కడా క్వాలిటీ పోకూడదన్నది నా పట్టుదల. అది కుదిరే పనే కూడా. ఎందుకంటే మినీ డీవీ టేపు మీద ఉన్నది మొదటి నుంచీ డిజిటల్ డేటా. వీహెచ్‌ఎస్ లాగా ప్లే చేసి, ఆ బొమ్మను మళ్లీ రికార్డు చేసుకోనక్కర్లేదు. టేపు మీదున్న అంకెలను ఉన్నవి ఉన్నట్టు దింపుకోవచ్చు.

లెక్క కూడా సులువు. మన దేశంలో వాడే పాల్ అనే టీవీ పద్ధతిలో ఒక్కో ఫ్రేమ్ సరిగ్గా 1,44,000 బైట్లు, సెకనుకు 25 ఫ్రేములు. అంటే సెకనుకు 3.6 మెగాబైట్లు, గంట క్యాసెట్‌కి దాదాపు 13 జీబీ. రెండు పెట్టెలకీ కలిపి ఒక టెరాబైట్ డిస్కు సరిపోతుంది. 2005లో ఇంత జాగా కొనాలంటే బాబాయి ఓ సీజన్ సంపాదన పోసేవాడు. అందుకే అప్పట్లో క్యాప్చర్ చేయడం (టేపుని కంప్యూటర్‌లోకి దింపడం), మిక్సింగ్ చేయడం, సీడీలు ఇచ్చేయడం, హార్డ్ డిస్కులోంచి చెరిపేయడం. క్యాసెట్ మీద మళ్లీ ఇంకో పెళ్లి.

సోమవారం

ముందు కేబుల్ సంగతి. డీవీ కెమెరాని కంప్యూటర్‌కి కలిపే పాత పద్ధతి పేరు ఫైర్‌వైర్. ఆన్‌లైన్‌లో ఓ చివర యూఎస్‌బీ, ఇంకో చివర ఫైర్‌వైర్ ఉన్న కేబుళ్లు రెండొందలకే కనిపిస్తాయి. ఎవరూ కొనకండి. అందులో ఉన్నది ఉత్త తీగ. యూఎస్‌బీ మాట్లాడే పద్ధతి వేరు, ఫైర్‌వైర్ మాట్లాడే పద్ధతి వేరు. మధ్యలో చిప్ లేకుండా తీగ కలిపినంత మాత్రాన టేపు రాదు. కెమెరాకి విడిగా యూఎస్‌బీ సాకెట్ ఉన్నా, చాలా మోడళ్లలో అది మెమరీ కార్డు ఫొటోలకీ, వెబ్‌క్యామ్ లాంటి నాసిరకం బొమ్మకీ మాత్రమే పనికొస్తుంది. అసలు దారి కెమెరా పక్కన మూత కింద దాక్కున్న చిన్న నాలుగు పిన్నుల సాకెట్. కొన్ని కంపెనీలు దాన్నే ఐలింక్ అంటాయి, కొన్ని డీవీ అని ఊరుకుంటాయి.

నా డెస్క్‌టాప్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు వేశాను. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్నది వెతికి మరీ తెచ్చాను, ఈ పని చేసేవాళ్లందరూ అదే చెబుతారు కాబట్టి. కార్డు వైపు సాకెట్ ఆరు పిన్నులది. అందులో కరెంటు కూడా వస్తుంది. పిన్ను తిరగబడి గుచ్చుకుంటే కెమెరా పోర్టు కాలిపోవచ్చు. కెమెరా ఆపేసి, కేబుల్ పెట్టి, తరవాత ఆన్ చేయడమే మేలు. ఈ రోజుల్లో పోయిన పోర్టును బాగుచేసే మెకానిక్ దొరకడు.

బాబాయి భుజం కెమెరా ఎప్పుడో అమ్మేశాడు. తెలిసినవాళ్ల దగ్గర ఓ హ్యాండీక్యామ్ తెచ్చాను. దాన్ని వీసీఆర్ మోడ్‌లో పెట్టి మొదటి క్యాసెట్ వేయబోతుంటే బాబాయి పట్టుకున్నాడు.

"ఒరేయ్, అలా పెట్టగానే ప్లే నొక్కేయకు. ముందోసారి చివరిదాకా తిప్పు. మళ్లీ మొదటికి తిప్పు. అప్పుడు నొక్కు."

"ఎందుకు బాబాయ్?"

"పదిహేనేళ్లు ఒకే బిగువులో ఉంది. రీలు ఒకదానికొకటి అంటుకునుంటది. కాస్త గాలి తగలనీ."

ఆయన చెప్పినట్టే చేశాను. దాని కంటే ముందు ప్రతి క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేసి చూశాం. టేపు అంచున తెల్లగా బూజు చుక్కలు ఉన్నవాటిని పక్కన పెట్టేశాం. మా కాకినాడ వైపు గాలిలో తేమ ఎక్కువ, అటక మీద మరీను. బూజు పట్టిన క్యాసెట్ కెమెరాలో పెడితే అది టేపుని చదివే హెడ్లకి అంటుకుని, ఆ తరవాత పెట్టే మంచి క్యాసెట్‌ని కూడా పాడుచేస్తుంది.

మంగళవారం రాత్రి

లినక్స్‌లో డీవీగ్రాబ్ అని చిన్న ప్రోగ్రామ్ ఉంది. బటన్లూ గట్రా ఉండవు, కమాండ్ కొట్టడమే. నా యూజర్‌ని వీడియో గ్రూపులో చేర్చగానే కెమెరాని గుర్తుపట్టింది. ప్లే, స్టాప్ కూడా అదే నడిపిస్తుంది. సెట్టింగులు మూడే మార్చాను. ఫార్మాట్ 'రా' అని పెట్టాను, అంటే టేపు మీద ఉన్న డీవీ ప్రవాహం ఏ పెట్టెలోనూ పెట్టకుండా నేరుగా డాట్ డీవీ ఫైలుగా వస్తుంది. ఆటోస్ప్లిట్ ఆన్ చేశాను, కెమెరా రికార్డింగ్ ఆపి మళ్లీ మొదలెట్టిన చోటల్లా కొత్త ఫైలు పుడుతుంది. టైమ్‌స్టాంప్ పెట్టాను, టేపులో దాగున్న తేదీ, సమయం ఫైలు పేరులోకి వచ్చేస్తాయి. ఫైలు సైజు హద్దు మామూలుగా ఒక జీబీ దగ్గర ఉంటుంది. దాన్ని సున్నా చేస్తే హద్దు పోతుంది.

ఆ తేదీల సంగతి తెలిసి బాబాయి ఆశ్చర్యపోయాడు. క్యాసెట్ మీద లేబుల్ 'పెద్దాపురం పెళ్లి' అని ఉంటే, లోపల చివరి పదకొండు నిమిషాలు అంతకు ముందు ఏడాది ఫిబ్రవరి తేదీతో తోలుబొమ్మలాట. పెళ్లి ఆ క్యాసెట్‌ని పూర్తిగా తినలేదన్నమాట. లేబుళ్లు నమ్మి పెళ్లి క్యాసెట్లు పక్కన పెడదామనుకున్నాం, ఇక అన్నీ దింపాల్సిందే.

ఒక్క జాగ్రత్త. ఫైర్‌వైర్‌లో వీడియో సమయానికి వచ్చేస్తుంది, అంతే. కంప్యూటర్ అందుకోలేకపోతే 'మళ్లీ పంపు' అని అడిగే ఏర్పాటు లేదు. డిస్కు వేరే పనిలో ఉండి ఓ క్షణం ఆగిందా, ఆ ఫ్రేములు పోయినట్టే. కాబట్టి క్యాప్చర్ నడుస్తున్నంతసేపూ ఆ కంప్యూటర్‌లో బ్రౌజర్ కూడా తెరవడం లేదు. యూపీఎస్ తప్పనిసరి. గంట క్యాసెట్‌కి గంట పడుతుంది, దీనికి అడ్డదారి లేదు. పక్క గదిలో కూర్చుని చెవి మాత్రం ఇటు వేసి ఉంచుతున్నా. టేపు కీచుమంటే వెంటనే ఆపాలి.

గురువారం

తోలుబొమ్మల క్యాసెట్ ఒకదానిలో విచిత్రం. తెర మీద హనుమంతుడు లేస్తుంటే బొమ్మ అడ్డంగా పట్టీలు పట్టీలుగా చీలిపోయింది. ఒక పట్టీలో తోక కదులుతోంది, దాని కింది పట్టీలో పాత ఫ్రేమ్ అలాగే నిలబడిపోయింది. మళ్లీ దాని కిందది కదులుతోంది. ఆపి లెక్కపెడితే ఒక్కో పట్టీ 48 గీతల ఎత్తు, మొత్తం పన్నెండు.

ఇది టేపు పాడవడం కాదు. పాల్ డీవీలో ఒక ఫ్రేమ్‌ని టేపు మీద పన్నెండు ఏటవాలు గీతలుగా రాస్తారు. ఒక్కో గీతలో 576 లైన్ల బొమ్మలో పన్నెండో వంతు, అంటే 48 లైన్లు ఉంటాయి. తిరిగే డ్రమ్ము మీద రెండు హెడ్లు ఈ గీతల్ని వంతులవారీగా చదువుతాయి. ఒక హెడ్డుకి మురికి పట్టిందనుకోండి, ఒకటి విడిచి ఒకటిగా ఆరు పట్టీలు పోతాయి. పోయినచోట కెమెరా నల్లగా వదిలేయదు, ముందు ఫ్రేములోని ముక్కను తెచ్చి అతికిస్తుంది. అదే ఇక్కడ కనబడింది. క్లీనింగ్ క్యాసెట్ పది సెకన్లు తిప్పగానే హనుమంతుడు మళ్లీ ఒక్కటయ్యాడు. అంతకు మించి తిప్పకూడదు, అది హెడ్లని అరగదీస్తుంది.

ఈ అతికింపులో ఓ చిక్కుంది. పట్టీలు కనబడితే సరే. ఎక్కడో తెల్ల తెర మీద చిన్న ముక్క అతికితే కంటికి తెలియదు, ఎడిటింగ్‌లో జూమ్ చేసినప్పుడు బయటపడుతుంది. కెమెరా తాను అతికించిన ప్రతి ముక్క దగ్గరా డేటాలో ఓ గుర్తు పెడుతుంది. డీవీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ గుర్తులన్నీ చదివి ఎన్ని ఫ్రేముల్లో ఎంత పోయిందో గ్రాఫ్ గీసిస్తుంది. ఒకే క్యాసెట్‌ని రెండు సార్లు దింపితే, రెండింటిలోంచీ మంచి ముక్కలు ఏరి ఒక ఫైలు కూడా చేసిస్తుంది. ఇంత అందమైన పనిముట్టు ఉచితంగా ఇస్తున్నారంటే నమ్మబుద్ధి కాదు.

శనివారం

బాబాయి సీపీయూ ఆన్ అవలేదు. పవర్ సప్లై పోయింది. లోపలి ఐడీఈ డిస్కు తీసి, యూఎస్‌బీ అడాప్టర్‌కి తగిలిస్తే తిరిగింది. దాన్ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి ముందు మొత్తం డిస్కుకి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీశాను. ఇరవై ఏళ్ల డిస్కు రెండోసారి తిరుగుతుందన్న గ్యారంటీ ఏముంది?

ఇందులో ఉన్నవి 2006 నాటి క్యాప్చర్లు. కొన్నింటి క్యాసెట్లు ఇప్పుడు లేవు, వాటి మీద వేరే పెళ్లిళ్లు ఎక్కేశాయి. ఇవే అసలు ప్రతులన్నమాట. అన్నీ డాట్ ఏవీఐ ఫైళ్లు, ఒక్కోటీ 4 జీబీకి కాస్త తక్కువ. కారణం ఎఫ్ఏటీ32. ఆ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. డీవీ లెక్కలో అది ఇరవై నిమిషాల లోపే. అందుకే ఓ గంట ఆటని నాలుగు ముక్కలు చేశారు.

ఏవీఐలో కూడా రెండు జాతులున్నాయి. టైప్ 1లో బొమ్మా, శబ్దమూ కలిసిన ఒకే ప్రవాహం ఉంటుంది. టైప్ 2లో శబ్దాన్ని విడిగా ఇంకో వరసలో కూడా పెడతారు. వీటికి తోడు క్యానోపస్ క్యాప్చర్ కార్డుతో తీసిన ఫైళ్ల మీద వేరే కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) ముద్ర. అప్పట్లో మన మిక్సింగ్ స్టూడియోల్లో క్యానోపస్ కార్డు, ఎడియస్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అంటే రాజ్యమే. ఈ ఫైళ్లలో ఒక్కో రకం నుంచీ ఒక్కోటి ఫ్రెండ్‌కి పంపితే కొన్ని తెరుచుకున్నాయి, కొన్నింటిలో శబ్దం లేదు, కొన్నిటిని మ్యాక్ అసలు వీడియో అనే ఒప్పుకోలేదు.

చాలామంది ఇక్కడే ఎంపీ4 లోకి కన్వర్ట్ చేసేసి చేతులు దులుపుకుంటారు. నాకు అది సుతరామూ ఇష్టం లేదు. లోపల ఉన్నది అన్నింట్లోనూ అదే డీవీ: ఉత్తరం ఒకటే, కవర్లే వేరు. కవరు మార్చడానికి ఉత్తరాన్ని తిరగరాయక్కర్లేదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌లో కోడెక్ దగ్గర 'కాపీ' అని ఇస్తే ఏవీఐలోని ప్రవాహాన్ని ఉన్నదున్నట్టు తీసి డాట్ ఎంఓవీలో పెట్టేస్తుంది. గంట వీడియో డిస్కు కాపీ అయినంత సేపట్లో అయిపోతుంది. మ్యాక్‌కి ఎంఓవీ అంటే సొంతిల్లు.

నిజంగా ఏమీ మారలేదా అని చూడటానికి, పాత ఏవీఐలోని వీడియో ప్రవాహానికీ కొత్త ఎంఓవీలోని వీడియో ప్రవాహానికీ విడివిడిగా ఎండీ5 (డేటాకి వేలిముద్ర లాంటి కోడ్) తీయించాను. అక్షరం పొల్లుపోకుండా ఒకటే వచ్చింది. ఫైలు మొత్తానికి తీస్తే వేరేగానే వస్తుంది, కవరు మారింది కాబట్టి. లోపలి ప్రవాహానికి తీసి పోల్చాలి.

ఆదివారం

శబ్దంతో తలనొప్పి. ఒక ఏవీఐ నుంచి చేసిన ఎంఓవీలో మొదటి పది నిమిషాలు బాగానే ఉంది. ఆ తరవాత మృదంగం గబగబా పరిగెత్తడం మొదలెట్టింది, గొంతులు సన్నబడిపోయాయి, పెదాలకీ మాటకీ పొంతన లేదు. దీని వెనక కథ బాబాయి చెప్పాడు. సగం ఆట ఆయన కెమెరాతో, మిగతా సగం అదే క్యాసెట్ ఇంకో కెమెరాలో పెట్టి అసిస్టెంట్ తీశాడట.

డీవీలో శబ్దం మామూలుగా రెండు రకాలుగా రికార్డవుతుంది: 48 కిలోహెర్ట్జ్ 16 బిట్, లేదా 32 కిలోహెర్ట్జ్ 12 బిట్. చాలా హ్యాండీక్యామ్‌లు కొత్తలో 12 బిట్ మీదే ఉంటాయి, ఎవరూ మార్చరు. మొదటి కెమెరా 48లో, రెండోది 32లో తీశాయి. ఎంఓవీ మాత్రం మొదట చూసిన 48 నే చివరిదాకా నమ్మింది. 32లో రికార్డయినదాన్ని 48లో వాయిస్తే ఒకటిన్నర రెట్లు వేగం, మరి.

డాట్ డీవీలో ఈ బాధ లేదు, ప్రతి ఫ్రేములోనూ దాని శబ్దం ఏ రకమో రాసి ఉంటుంది. కాబట్టి ఏవీఐలోంచి మళ్లీ రా డీవీ తీసి, శబ్దం రకం మారిన చోట ఫైలుని రెండుగా కోసి, అప్పుడు ఎంఓవీలో పెట్టాను. మృదంగం దారికొచ్చింది. డీవీరెస్క్యూతో పాటు వచ్చే డీవీప్యాకేజర్ ఈ కోత దానంతట అదే చేస్తుంది. మిగతా ఫైళ్లన్నిటికీ అదే వాడుతున్నా.

బుధవారం

డిస్కు పంపించాను. విండోస్ పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేస్తే మ్యాక్ చదువుతుంది కానీ రాయదు. మ్యాక్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తే విండోస్‌కి అర్థం కాదు. అందుకని రెండింటికీ అర్థమయ్యే ఎక్స్‌ఫ్యాట్. ప్రతి ఫైలు ఎండీ5 ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టి అదే డిస్కులో వేశాను. అటు చేరాక వాడు సరిచూసుకుంటాడు.

సాయంత్రానికి మెసేజ్: "మావా, మనుషులందరూ బక్కచిక్కిపోయారేంట్రా? చేతులు కదిపితే దువ్వెన పళ్లు కనిపిస్తున్నాయి."

మొదటిది పిక్సెల్ ఆకారం. డీవీ పాల్ 720 బై 576. ఆ పిక్సెళ్లు చతురస్రాలు కావు, కాస్త అడ్డంగా వెడల్పు. చతురస్రాలుగా చూపిస్తే మనిషి సన్నబడతాడు. 4:3 అని చెబితే 768 బై 576 గా విప్పుకుంటుంది. రెండోది ఇంటర్‌లేసింగ్, అంటే ఒక్కో ఫ్రేమూ గీత విడిచి గీతగా, రెండు వేర్వేరు క్షణాల్లో తీసిన రెండు ఫీల్డులుగా ఉండటం. డీవీలో ఎప్పుడూ కింది ఫీల్డు ముందు. వాడి టైమ్‌లైన్ పై ఫీల్డు ముందు అనుకుంటోంది. అది సరిచేస్తే కుదుపు పోయింది. ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చే డీఇంటర్‌లేస్ మాత్రం ఇప్పుడు వద్దన్నాను. కట్ ఖాయమయ్యాక, కావలసిన షాట్లకి మాత్రమే, సెకనుకు 50 ఫ్రేములుగా చేద్దాం. బొమ్మలాటలో చేతుల విసురు చాలా వేగం. 25కి కుదిస్తే ఆ విసురులో సగం పోతుంది.

నేరుగా వాడి దగ్గరే క్యాప్చర్ చేస్తే గొడవ ఉండదు కదా అని బాబాయి అడిగాడు. వాడి కొత్త మ్యాక్‌లో కుదరదు. 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ 26లో ఫైర్‌వైర్ మద్దతే తీసేశారు. విండోస్‌లో కూడా 8 నుంచి ఫైర్‌వైర్ పాత లెగసీ డ్రైవర్ విండోస్‌తో పాటు రాదు, విడిగా దింపుకుని వేయాలి. లినక్స్‌లో ఇంకా ఉంది. పాత కంప్యూటర్ ఒకటి ఇందుకోసమే అట్టే పెట్టుకోవడం మంచిది.

సంక్రాంతి సెలవులు

ఫ్రెండ్ ఊరికి వస్తూ తన పాత ఐమ్యాక్ కారులో వేసుకొచ్చాడు. అందులో వాడు మార్కింగ్ చేసుకున్న ఫోల్డర్లున్నాయి, నేనిచ్చిన ఫైళ్లు కూడా. ఇంట్లో నెట్‌వర్క్ మీద ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్ పెట్టాను, మారినవి మాత్రమే నా డిస్కులోకి రావాలి. కాసేపాగి చూస్తే మారని పెద్ద ఫైళ్లు కూడా మళ్లీ వచ్చేస్తున్నాయి. ఫోల్డర్ తెరిస్తే 'సైడ్ కెమెరా' అని ఒకే పేరుతో రెండు ఫైళ్లు, పక్కపక్కనే. ఒక ఫోల్డర్‌లో ఒకే పేరు రెండు సార్లు ఎలా ఉంటుంది?

పేర్లను బైట్లుగా తీసి చూస్తే తెలిసింది. దోషం 'సై' లోని ఐత్వానిది. యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం గుర్తు, కింద ఇంకో ముక్క కలిపి రెండు గుర్తులుగానూ రాయొచ్చు. నా లినక్స్ నేను కొట్టినట్టు ఒక్కటిగా ఉంచింది. ఐమ్యాక్‌లోని పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కు పేర్లన్నిటినీ విడగొట్టి దాస్తుంది. కంటికి ఒకటే, కంప్యూటర్‌కి రెండు. విచిత్రమేమిటంటే 'బొమ్మలాట', 'పెళ్లి' లాంటి పేర్లకి ఏమీ కాలేదు, ఐత్వం ఉన్నవే జంటలయ్యాయి. ఆర్‌సింక్‌లో దీనికి ఐకాన్వ్ అనే ఆప్షన్ ఉంది కానీ, ఇకమీదట ఫైలు పేర్లు అంకెలతోనే పెడదామని ఇద్దరం ఒప్పుకున్నాం. తెలుగు వివరాలన్నీ ఓ షీట్‌లో ఉంటాయి.

పండగ మర్నాడు

న్యూజెర్సీ నుంచి వచ్చిన చుట్టాలు 2007లో తీసి బాబాయి దగ్గర వదిలేసిన క్యాసెట్ ఒకటుంది. హ్యాండీక్యామ్‌లో నీలం తెర తప్ప ఏమీ రాలేదు. అది ఎన్‌టీఎస్‌సీ, అంటే అమెరికా టీవీ పద్ధతి. దీనికోసం సోనీ డీఎస్ఆర్ 11 డెక్ (క్యాసెట్ ప్లేయర్) ఒకటి వారం రోజులకి అద్దెకు తెచ్చాం, అది రెండు పద్ధతులూ ప్లే చేస్తుంది. వేసీ వేయగానే వచ్చింది. బొమ్మ చెక్కుతున్న ముసలాయన, పక్కన ఉలుల పెట్టె. ఉలి పోటుకి తోలులో గుండ్రటి చిల్లులు పడుతున్న క్లోజప్ దాదాపు నాలుగు నిమిషాలుంది. బాబాయి క్యాసెట్లలో వేటిలోనూ ఇంత దగ్గర షాట్ లేదు.

ఎన్‌టీఎస్‌సీలో ఫ్రేమ్ 1,20,000 బైట్లు, సెకనుకు 29.97. గుణిస్తే మళ్లీ అదే 3.6 మెగాబైట్లు. ఫైలు దింపడంలో తేడా ఏమీ లేదు. టైమ్‌లైన్‌లో మాత్రం 25 పక్కన 29.97 కూర్చోవాలి. దాని సంగతి కట్ అయ్యాక చూస్తానని ఫ్రెండ్ అన్నాడు.

డెక్ శుక్రవారం తిరిగి ఇచ్చేయాలి. హ్యాండీక్యామ్‌లో ముక్కలు ముక్కలుగా వచ్చిన క్యాసెట్లు ముందు ఇందులో వేసి చూస్తున్నాం. ఎల్‌పీలో, అంటే టేపుని నెమ్మదిగా తిప్పి ఎక్కువసేపు పట్టించే పద్ధతిలో, ఒక కెమెరాతో తీసినవి ఇంకోదానిలో సరిగ్గా ఆడటం కష్టం. బూజు పట్టినవి డబ్బాలో వేరేగా ఉన్నాయి. వాటిని మా ఇద్దరి దగ్గరున్న ఏ మెషిన్‌లోనూ పెట్టేది లేదు.